గోడకు ఇవతలి మనిషి

మేస్త్రి పుట్టినప్పుడు ఆస్పత్రి నర్సు చేతుల్లోకి తీసుకొని ఒక్క క్షణం చూసి, "వీడెవరి మీద అలిగి వచ్చాడమ్మా!" అందట. ఆ మాట అతని అక్క ఇప్పటికీ చెబుతుంది. కనుబొమలు రెండూ దగ్గరికొచ్చి ఒకదాన్నొకటి నిలదీస్తున్నట్టుంటాయి. పెదవుల చివరలు కిందికి వాలి ఉంటాయి. అతను నవ్వినా ఎవరూ నమ్మరు. పక్క కొట్టు టైలరు మాటల్లో చెప్పాలంటే, మేస్త్రి నవ్వితే ఎక్కడో వైరు షార్టయినట్టుంటుంది.

అతని పని కాలిపోయిన మోటార్లకు మళ్ళీ ప్రాణం పోయడం. ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, మిక్సీలు. మాడి నల్లబడిన రాగి తీగను లోపలి నుంచి లాగేసి, గుంటలు శుభ్రం చేసి, కొత్త తీగ చుట్టి, వార్నిషు పోసి, బల్బు వేడికి ఆరబెడతాడు. వీధి మలుపులో ఇరుకు కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్టు మీద కూర్చోవాలి. ఆ ముఖానికి జడిసి, "ఇంకా అవలేదా?" అని గట్టిగా అడిగిన ఖాతాదారు లేడు. "రేపు రండి" అంటే "అలాగే మేస్త్రిగారూ" అని వెళ్ళిపోయేవారు. నోట్లో నాలుక లేని మనిషి, ముఖం పుణ్యాన దాదాగా బతికేస్తున్నాడని అక్క నవ్వేది. అక్క ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో కలిసి ఉండేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఒకామె కాలిపోయిన పెద్ద ఫ్యాను మోయించుకొని కొట్టుకు వచ్చింది. షూటింగులో గాలి పుట్టించే ఫ్యాను. ఆమె సినిమాలు తీస్తుంది. అప్పటికి ఒక్కటే తీసింది, అదీ ఎక్కువమంది చూడలేదు. మేస్త్రి ఫ్యాను విప్పుతున్నంతసేపూ ఆమె ఫ్యానును చూడలేదు, అతని ముఖమే చూసింది.

"మీకు నామీద కోపం వచ్చిందా?" అని అడిగింది చివరికి.

"లేదమ్మా. నా ముఖమే ఇంత."

"ఇలాంటి ముఖం కోసమే ఏడాదిగా తిరుగుతున్నాను. అద్దె గదిలో ఒంటరిగా ఉండే మనిషి కథ. ఎవరూ పలకరించరు. లోపల కోపం పేరుకుపోతూ ఉంటుంది. మీరు చేస్తారా?"

మేస్త్రి స్పానరు కింద పెట్టాడు. "వద్దమ్మా," అన్నాడు. "అలాంటివాణ్ణి నేనెరుగుదును. మళ్ళీ కలవాలని లేదు."

ఇంకెవరైనా అయితే అక్కడితో వెళ్ళిపోయేవారు. ఆమె మెట్టు మీద కూర్చుంది. టైలరు చేత టీ తెప్పించింది. ఎలా చెప్పించిందో గాని, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి మేస్త్రి నోటి నుంచి వచ్చేసింది.

అప్పటికతనికి పాతికేళ్ళు కూడా లేవు. తల్లి, తండ్రి ఒకరి వెనక ఒకరు పోయారు. అక్కకు దూరాన ఉద్యోగం. అతను ఒక ఫ్యాక్టరీలో మోటార్లు చుట్టేవాడు. ఒకరోజు ఫోర్‌మన్ అందరి ముందూ నానామాటలూ అన్నాడు. ఒక్కరూ నోరు మెదపలేదు. మర్నాటి నుంచి పనికి పోలేదు. అద్దె గదిలో కిటికీ మూసుకొని ఒంటికాయ శొంఠికొమ్ములా పడుండేవాడు. పక్క వాటాకూ ఆ గదికీ మధ్య పల్చటి గోడ. సాయంత్రమయ్యేసరికి అవతల కుటుంబమంతా చేరి నవ్వేది. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకొని నవ్వే నవ్వు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ నవ్వంతా తనను చూసేనని అతనికి నాటుకుపోయింది. గోడలకు చెవులుంటాయంటారు. ఆ రోజుల్లో అతనికి ఒంట్లో చెవులు తప్ప ఇంకేమీ మిగల్లేదు. వినడం, కుమిలిపోవడం. ఒక సాయంత్రం సుత్తి తీసుకొని గోడను కొట్టడం మొదలుపెట్టాడు. పెచ్చులు రాలాయి. ఇటుక కదిలింది. సరిగ్గా ఆ సమయానికి తమ్ముడి నుంచి కబురు లేదని బెంగపడి వచ్చిన అక్క, గుమ్మంలోంచే పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. విదిలించాడు. సుత్తి ఆమె నుదుటికి తగిలింది.

"రక్తం చూశాక సుత్తి వదిలేశాను. అంతేనమ్మా కథ," అన్నాడు మేస్త్రి.

"నవ్వింది మీ గురించేనా మరి?"

"కాదు. మర్నాడు అక్క కట్టు కట్టుకొని వాళ్ళింటికి క్షమాపణ చెప్పడానికెళ్ళింది. వాళ్ళింట్లో చెవిటి తాత ఉన్నాడు. 'తాతా, కూరెలా ఉంది?' అంటే 'బస్సింకా రాలేదురా' అనేవాడట. రోజూ ఆయన జవాబులకే నవ్వు. తాత కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడట, దేనికో తెలీకుండానే."

ఆ సంగతి అక్క వచ్చి చెప్పినప్పుడు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజులు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. సిగ్గుతో చితికిపోయాడు. కానీ సిగ్గు కోపంలాంటిది కాదు, అది మనిషి చేత సుత్తి పట్టించదు. అక్క అతన్ని తన దగ్గరికి తీసుకుపోయింది. ఆస్పత్రిలో చెడిపోయిన మోటార్లు ఒక్కొక్కటీ తెచ్చి ముందు పెట్టింది. అలా అలా మేస్త్రి అయ్యాడు.

దర్శకురాలు టీ గ్లాసు మెట్టు మీద పెట్టింది. తరువాత, "ఆ గోడ నా సినిమాలో పెట్టుకోనా?" అని అడిగింది.

"నన్నడిగితే ఎలా? దెబ్బ తిన్నది మా అక్క."

ఆ సాయంత్రం అన్నం తింటూ అక్కనడిగాడు. ఆమె ఎడమ కనుబొమ మీద వెంట్రుక మొలవని గీత ఇప్పటికీ ఉంది. "నా నుదురు కూడా సినిమాలో చూపిస్తారా?" అంది.

"లేదు. అందులో వాడికి అక్క లేదు. ఎవ్వరూ లేరు."

అక్క చేతిలో ముద్ద అలాగే పట్టుకొని ఆలోచించింది. "అయితే వాడు గోడ నిజంగానే పగలగొడతాడు."

"అవును."

"ఆ రోజు నాకు బస్సు దొరక్కపోయుంటే నువ్వూ పగలగొట్టేవాడివేరా."

మేస్త్రి తల వంచుకున్నాడు.

"చెయ్యి," అంది అక్క. "కానీ జనం జాలిపడాలని చెయ్యకు. భయపడాలని కూడా చెయ్యకు. ఉన్నదున్నట్టు చెయ్యి."

షూటింగు కోసం పాత గోదాములో గది కట్టారు. మేస్త్రికి నటన రాదు. కూర్చోమంటే కూర్చునేవాడు, తినమంటే తినేవాడు. అదే ఆమెకు కావాలి. కథలోని మనిషి రోజూ బల్ల మీద రెండు కంచాలు పెట్టుకుంటాడు, ఒకటి తనకు, ఇంకోటి ఖాళీగా. మొదటి రోజుల్లో ఆ ఖాళీ కంచంతో మామూలుగా మాట్లాడతాడు. తరువాత విసుక్కుంటాడు. తరువాత తిడతాడు. మేస్త్రి ఆ తిట్లు గొంతు పెంచకుండా, ఉప్పు అందించమన్నట్టు మెల్లగా తిడుతుంటే కెమెరా వెనకున్న వాళ్ళకు ఒళ్ళు జలదరించింది.

గోడ కొట్టే రోజు మాత్రం చెయ్యి లేవలేదు. కొడితే బొమ్మ గోడను కొట్టినట్టే ఉంది.

"ఆ రోజు గుర్తు తెచ్చుకోండి మేస్త్రిగారూ," అంది దర్శకురాలు.

"మర్చిపోవడానికే ఇన్నేళ్ళు పట్టిందమ్మా. మళ్ళీ గుర్తు తెచ్చుకోమంటే ఎలా?"

గోడకు అవతల నలుగురు కుర్చీలేసుకొని కూర్చున్నారు. నవ్వడం వాళ్ళ పని. 'హహ్హహ్హ' అని అద్దె నవ్వు నవ్వుతున్నారు. మేస్త్రికి ఏం తోచిందో, సుత్తి పక్కన పెట్టి అవతలికి వెళ్ళాడు. "ఇలా కాదు బాబూ," అని చెవిటి తాత సంగతి చెప్పాడు. కూర గురించి అడిగితే బస్సు, పెళ్ళి గురించి అడిగితే పన్నునొప్పి, కొత్త చెప్పులెలా ఉన్నాయంటే 'ముందు ఉడకనివ్వండి'. చెప్పే మనిషి ముఖం ఉరిమినట్టుండటంతో అది ఇంకా నవ్వొచ్చింది. ఒకతను కుర్చీలోంచి జారిపోయాడు. ఆ నవ్వు ఆగకముందే మేస్త్రి గబగబా ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. కెమెరా తిరిగింది.

ఆ తరువాత జరిగింది అతను ఎవరికీ సరిగ్గా వివరించలేకపోయాడు. ఆ నవ్వు దేనికో అతనికి తెలుసు. నవ్వించింది తనే. అయినా గోడకు ఇవతల నిలబడి వినేసరికి అది తన మీదికే వచ్చింది. ఆ పాత కోపం ఎప్పుడు రాజుకుందో తెలీలేదు. కొట్టాడు. గోడ పగిలింది. చిల్లులోంచి ముఖం పెట్టి చూశాడు. అవతల నలుగురూ నవ్వు మరిచి కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. నటించి కాదు.

దర్శకురాలు "కట్" అనడానికి కూడా తడుముకుంది. మేస్త్రి సుత్తిని ఆమె చేతికిచ్చి, బయటికి పోయి ఎండలో చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక ఒకే మాట అడిగాడు. "అమ్మా, ఆ తాతను కూడా చూపించండి. చివర్లో ఒక్కసారి. వాళ్ళు ఎందుకు నవ్వారో జనానికి తెలియాలి."

"చూపించను," అంది ఆమె. "చూపిస్తే జనం 'అయ్యో, పొరపాటు పడ్డాడు పాపం' అనుకొని హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటారు. వాడికి తెలియనిది చూసేవాళ్ళకూ తెలియకూడదు. వాడి చెవుల్తోనే వినాలి."

ఆ మాట మేస్త్రికి రుచించలేదు. కానీ సినిమా ఆమెది. ముక్కు మీద చెమట తుడుచుకొని ఊరుకున్నాడు.

సినిమా విడుదలైంది. చిన్న హాళ్ళలోనే ఆడింది గాని, చూసినవాళ్ళు చూసినట్టు మాట్లాడుకున్నారు. కొందరు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. కొందరు అయిపోయాక కూడా సీట్లలోంచి లేవలేదు. మేస్త్రి బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా ఉండేది. ఒకావిడ ఫ్యాను బాగు చేయించుకోవడానికి వచ్చి, ముఖం చూసి, ఫ్యాను అక్కడే వదిలేసి పోయింది. మళ్ళీ రాలేదు. "ఇప్పటిదాకా దాదావి, ఇప్పుడు డాన్ అయ్యావు," అన్నాడు టైలరు.

అదంతా నవ్వుకుంటూ భరించేవాడు. భరించలేకపోయింది ఒక్కదాన్నే. ఒక ఆదివారం హాలుకెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. సుత్తి మొదటి దెబ్బ పడగానే ముందు వరసల కుర్రాళ్ళు ఈల వేశారు. రెండో దెబ్బకు చప్పట్లు. "కొట్టు! ఇంకా కొట్టు!" అని ఎవరో అరిచారు. మేస్త్రి కుర్చీలోంచి లేచాడు. ఏ దెబ్బ అక్క నుదుటి మీద పడిందో ఆ దెబ్బకు ఈల. బయటికొచ్చి, ఇలాంటి పని ఎందుకు చేశానా అని మెట్ల మీద కూలబడ్డాడు.

అక్క ఆ మర్నాడే తనకు తానుగా వెళ్ళి ఒక్కతే సినిమా చూసొచ్చింది. చెప్పులు విప్పి, నీళ్ళు తాగి, "నేను లేని ఇల్లెలా ఉంటుందో చూశాను," అంది. గ్లాసు కింద పెట్టి, "బాగా చేశావురా. ఉన్నదున్నట్టు చేశావు," అంది. ఆ ఈలల సంగతి మేస్త్రి చెప్పబోతే, "విన్నాను. ఈల వేసేవాళ్ళకంటే వెయ్యనివాళ్ళను చూడు. నా పక్కనొకడు కూర్చున్నాడు. ఈల వెయ్యలేదు, కదల్లేదు. సినిమా అయ్యేదాకా నెత్తి మీద హెల్మెట్ కూడా తియ్యలేదు," అంది.

ఆ హెల్మెట్ మనిషే కొన్నాళ్ళకు కొట్టు ముందు బండి ఆపాడు. ఇళ్ళకు పార్సిళ్ళు అందించే పని. భుజాన సంచీ. ముందు అద్దం పైకెత్తాడే గాని హెల్మెట్ తియ్యలేదు.

"అన్నా, సినిమాలో ఉన్నది నువ్వేగా?"

"నేనే తమ్ముడూ."

"నన్నే తీశారు అందులో. నేను ఐదుసార్లు చూశాను." మాటలు తొట్రుపడుతూ వస్తున్నాయి. "మా పైవాటా వాళ్ళున్నారు. రోజూ నవ్వుతారు. నేను మెట్లెక్కి గదిలోకొచ్చి తలుపేసుకుంటానా, వెంటనే నవ్వు. నువ్వు గోడ కొట్టినప్పుడు నాకెంత హాయిగా ఉందో తెలుసా?"

మేస్త్రి చూపు సంచీ మీద పడింది. అడుగున ఏదో బరువు లాగుతోంది. ఆ వంపు అతనికి తెలిసిందే.

"సుత్తా?" అన్నాడు మామూలుగా.

అతను సంచీని వెనక్కి జరుపుకున్నాడు.

టైలరు అప్పటికే కత్తెర ఆపేసి చెవులు రిక్కించాడు. పోలీసులకు చెప్పమని సైగ చేశాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపి, కాలిపోయిన పంపు మోటారు ఒకటి, కట్టరు ఒకటి అతని ముందు పెట్టాడు. "నాకు చెయ్యి నొప్పిగా ఉంది. ఈ మాడిన తీగ లాగిపెట్టు. మాట్లాడుకుందాం."

మాడిన తీగ లాగడం మొండి పని. కాళ్ళతో అదిమి, ఒళ్ళంతా బిగబట్టి లాగితే తప్ప రాదు. హెల్మెట్ మనిషి లాగుతూ లాగుతూ తిట్టాడు. సూపర్‌వైజరును, వదిలి వెళ్ళిన భార్యను, పైవాటా వాళ్ళను, చివరికి మోటారును. మేస్త్రి 'ఊఁ' కొడుతూ పక్కన కొత్త తీగ చుట్టుకుంటున్నాడు. చెమటకు తట్టుకోలేక అతను హెల్మెట్ తీశాడు. లోపల ముప్ఫై కూడా నిండని ముఖం.

అప్పుడు మేస్త్రి అక్క నుదుటి సంగతి చెప్పాడు. చెవిటి తాత సంగతీ చెప్పాడు. అతను నవ్వలేదు. "నీ సంగతి వేరన్నా. మా పైవాళ్ళు నన్ను చూసే నవ్వుతారు. ఒట్టు."

"సరే, అయితే వెళ్ళి చూద్దాం పద. ఇంకా ఎండగానే ఉంది. సంచీ ఇక్కడుంచు."

"సంచీ ఎందుకు?"

"బండి మీద ఇద్దరం కూర్చోవాలి కదా. అడ్డం."

వెళ్ళారు. మేస్త్రి చేతిలో టెస్టరు పట్టుకొని పైవాటా తలుపు కొట్టాడు. ఫ్యాన్లేమైనా బాగు చేయించాలా అని అడిగాడు. తలుపు తీసిన ఆవిడ మేస్త్రి ముఖం చూసి సగం మూసింది. పక్కనున్న మనిషిని చూసి మళ్ళీ కాస్త తీసింది. "మీరెవరు?"

"కింద గదిలో ఉంటాను," అన్నాడు అతను.

"కింద గదిలోనా? ఎప్పటి నుంచి? అది ఖాళీ అనుకుంటున్నామే!" ఆవిడ లోపలికి తిరిగి, "ఏమండీ, కింద మనిషి ఉన్నారట, పిల్లల్ని గంతులెయ్యొద్దని చెప్పండి," అంది. మళ్ళీ ఇటు తిరిగి, "మా గోల మీకు బాగా వినిపిస్తుందేమో. ఏమనుకోకండి," అంది.

దిగి వస్తూ మెట్ల మధ్యలో అతను కూర్చుండిపోయాడు. "నన్ను చూసి నవ్వట్లేదన్నా. అసలు నేనున్నాననే తెలీదు. ఈ రెంటిలో ఏది నయం?" అన్నాడు.

మేస్త్రి పక్కనే కూర్చున్నాడు. పైనుంచి పిల్లల అరుపులు, ఆవిడ కసురుకోవడం, మళ్ళీ నవ్వులు వినబడ్డాయి. ఇద్దరూ విన్నారు. "ఇప్పుడు తెలిసింది కదా, నువ్వున్నావని," అన్నాడు మేస్త్రి చివరికి. "రేపు సాయంత్రం రా. తీగ ఇంకా సగం ఉండిపోయింది. ఆ సుత్తి మాత్రం నాకిచ్చెయ్. మా కొట్టులోది పిడి ఊడిపోతోంది."

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒకరోజు తీగ లాగుతూ, "తాతను సినిమాలో ఎందుకు పెట్టలేదన్నా?" అని అడిగాడు. మేస్త్రి తన పాత ఫిర్యాదంతా చెప్పుకొచ్చాడు.

"పెట్టకపోవడమే మంచిదైంది," అన్నాడు అతను. "తాత ఉండుంటే నీ దగ్గరికొచ్చేవాణ్ణి కాదు. ఇదీ నాకు నీతులు చెప్పే సినిమానే అనుకొని సగంలో లేచిపోయేవాణ్ణి. నాలాంటివాణ్ణి నాలాగే చూపించారని కదా వెతుక్కుంటూ వచ్చింది."

మేస్త్రి చుట్టే చెయ్యి ఆగిపోయింది. ఆ రోజే దర్శకురాలికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ రోజు తాత విషయంలో మీ మాటే సరైంది," అన్నాడు. ఆమె, "ఆ ఈలలు విన్న దగ్గర నుంచి నాకూ నిద్ర పట్టట్లేదు మేస్త్రిగారూ. తప్పు చేశానేమో అనుకుంటున్నాను," అంది. అప్పుడు అతనే ఆమెకు ధైర్యం చెప్పాడు.

ఆ తరువాత ఒక పెద్ద నిర్మాత మనుషులు కొట్టుకు వచ్చారు. అలాంటి మనిషి పాత్రే, ఇంకా పెద్దది. ఇందులో గోడలు కాదు, మేడలే పగులుతాయి. చివర్లో ఊరంతా అతన్ని భుజాన మోస్తుంది. మేస్త్రి ఓపిగ్గా విన్నాడు. "గోడ పగలగొట్టాక ఎవరూ మొయ్యరు బాబూ," అన్నాడు. వాళ్ళు బతిమాలారు. అతని ముఖంలోకి చూసి, కోపం వచ్చిందేమోనని లేచి వెళ్ళిపోయారు. రాలేదు నిజానికి.

సినిమా చూసి కొట్టుకు వచ్చినవాడు హెల్మెట్ మనిషి ఒక్కడే కాదు. కొందరు వచ్చి, చూసి, మాట్లాడకుండానే పోయారు. కొందరు తీగ లాగి, టీ తాగి, రెండోసారి కనబడలేదు. ఒకతను కొన్నాళ్ళు బుద్ధిగా వచ్చి, చివరికి తన సొంత అన్న తల పగలగొట్టి జైలుకు పోయాడు. ఆ వార్త విన్న రోజు మేస్త్రి కొట్టు తియ్యలేదు. అక్క కూడా పనికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉంది. "అందరికీ బస్సు దొరకదురా," అని మాత్రం అంది. నెలకోసారి మేస్త్రి ఆ జైలుకు వెళ్ళొస్తాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారో చెప్పడు.

హెల్మెట్ మనిషి వేరే గదికి మారాడు. పార్సిళ్ళ పని మానలేదు. కోపమూ పూర్తిగా పోలేదు. ఈమధ్యే టైలరు కుట్టిన ప్యాంటు పొట్టిదైందని పెద్ద గొడవ పెట్టుకున్నాడు. నువ్వే పెరిగావని టైలరు, నీ టేపే తరిగిందని ఇతను. ఇప్పుడిద్దరికీ మాటల్లేవు. కానీ సాయంత్రం టీ వేళకు ఇద్దరూ ఆ ఇరుకు కొట్టులోనే చేరతారు, ఒకడు మెట్టు మీద, ఒకడు స్టూలు మీద. చెరో గోడవైపు తిరిగి కూర్చుంటారు. "కాస్త పంచదార ఇటివ్వమని ఆయనకి చెప్పన్నా," అంటాడు ఒకడు. "డబ్బా ఖాళీ అని అతనికి చెప్పు," అంటాడు రెండోవాడు. మధ్యలో మేస్త్రి తీగ చుట్టే లెక్క తప్పిపోకుండా పెదవులు కదుపుతూనే, ఆ మాట ఇటూ ఈ మాట అటూ అందిస్తుంటాడు.